కొత్త విండోస్ వేస్తే సిస్టం నెమ్మదిస్తుందా? ఒక హనుమకొండ డీటీపీ షాపు ప్రాజెక్టు డైరీ

అక్టోబరు, గడువు ముగిసిన వారం

విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. హనుమకొండలో మా బావ నడిపే డీటీపీ షాపులో మూడు సిస్టంలూ విండోస్ 10 మీదే ఉన్నాయి. "కొత్తది వేస్తే స్లో అవుతుందట కదా, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేద్దామా?" అని బావ అడిగాడు. ఆయన భయానికి ఆధారం ఉంది. అదే వీధిలో జిరాక్స్ సెంటర్ నడిపే పెద్దమనిషి విండోస్ 11 వేయించినప్పటి నుంచి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నాడు. నాలుగు షాపుల అవతల ఫ్లెక్సీలు కొట్టే ఆయనేమో, వేయించాక సిస్టంకు ప్రాణం లేచొచ్చిందంటాడు.

ఇద్దరినీ కూర్చోబెట్టి ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. జిరాక్స్ ఆయన పాత హార్డ్ డిస్కు మీదే కొత్త విండోస్ వేయించాడు. ఫ్లెక్సీల ఆయన అదే రోజు హార్డ్ డిస్కు తీసేసి, తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ కూడా పెట్టించాడు. ఒకాయన తిట్టు, ఇంకొకాయన మెప్పు రెండూ విండోస్ ఖాతాలోనే పడ్డాయి. ఒకేసారి రెండు మార్చితే ఏది ఎంత చేసిందో తేలదు. అందుకే ఇక్కడ ఒక్కొక్కటే మార్చి చూద్దామనుకున్నాను.

షాపులో ఉన్నవి ఇవి. షాపు ముందు వైపు ఉన్న 'ముందు సిస్టం'లో ఇంటెల్ ఐ3-8100 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్కు. పని బరువంతా దీని మీదే. మూలన ఉన్న 'మూల సిస్టం' నాలుగో తరం ఐ3, అందులో ఉన్నది 32-బిట్ విండోస్ 10, దానికి ఒక ముసలి లేజర్ ప్రింటర్ తగిలించి ఉంటుంది. మూడోది బావ ల్యాప్‌టాప్, రైజెన్ 5 3500యూ, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీతోనే వచ్చింది.

పరీక్షలకు షాపు పనినే ఎంచుకున్నాను. వేగం కొలిచే బెంచ్‌మార్క్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే మార్కులతో శుభలేఖ తయారవదు. సిస్టం రీస్టార్ట్ చేసి పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో కర్సర్ మెరిసేదాకా పట్టే సమయం, బొమ్మలు నిండిన ఒక పెద్ద ఫ్లెక్సీ ఫైలు డిజైన్లు చేసే కోరల్‌డ్రాలో తెరుచుకునే సమయం, పాత సావనీరు ఒకటి పీడీఎఫ్‌గా మారే సమయం చూస్తాను. వీటన్నిటికన్నా పెద్ద పరీక్ష షాపులో టైపు చేసే అక్క. అను ఫాంట్లతో, యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరికలో, తెర వైపు చూడకుండా కొట్టుకుపోతుంది. అక్షరం వేలి వెనకాల పడితే ఆమెకు వెంటనే తెలిసిపోతుంది.

దీపావళి తరువాత

మొదట ఏదీ మార్చకుండా కొలిచాను. ఒక మెలిక: విండోస్ 10లోనైనా 11లోనైనా 'ఫాస్ట్ స్టార్టప్' పని చేస్తున్నప్పుడు షట్‌డౌన్ చేస్తే సిస్టం పూర్తిగా ఆగదు. విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్ పరిస్థితిని డిస్కు మీద రాసిపెట్టుకుని, మరునాడు అక్కడి నుంచి అందుకుంటుంది. బూట్ సమయం, అంటే సిస్టం లేచే సమయం, నిజాయితీగా కొలవాలంటే రీస్టార్టే చేయాలి. స్టాప్‌వాచ్ కూడా అక్కర్లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో డయాగ్నోస్టిక్స్-పెర్ఫార్మెన్స్ అనే లాగ్ ఉంటుంది. అందులో 100వ నంబరు ఈవెంట్ తెరిస్తే బూట్‌కు పట్టిన కాలం మిల్లీసెకన్లలో కనిపిస్తుంది.

ముందు సిస్టం పాత విండోస్‌తోనే రెండు నిమిషాలు దాటించింది. డెస్క్‌టాప్ కనిపించాక కూడా కాసేపు ఏ ఐకాన్ నొక్కినా పలకదు. ఆ సమయంలో టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. డిస్కు గడి ఎర్రగా మారి 100 శాతం చూపిస్తోంది. కానీ కింద వేగం చూస్తే సెకనుకు ఒకటి రెండు ఎంబీలే. మంచి హార్డ్ డిస్కు వరుసగా చదివితే సెకనుకు 100 ఎంబీ పైనే ఇస్తుంది. మరి ఈ 100 శాతం దేనికి సరిపోతోంది?

లెక్క వేస్తే అర్థమవుతుంది. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 పైచిలుకు. హెడ్ ఆ వరుస దాకా జరగడానికి మరో 9 వేసుకుందాం. ఒక చిన్న ముక్క తేవడానికి 13 మిల్లీసెకన్లు పడితే సెకనుకు 75 ముక్కలే వస్తాయి. ముక్కకు 4 కేబీ చొప్పున సెకనుకు 300 కేబీ. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి ఇలాంటి చెదురుమదురు చిన్న ముక్కలే, వేల కొద్దీ. డిస్కు కష్టపడుతూనే ఉంటుంది, కష్టమంతా నడకకే పోతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు కాబట్టి సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ కూడా ఇలాంటి ముక్కలను సెకనుకు పదుల వేలల్లో ఇస్తుంది.

కొత్త విండోస్ గురించి తలనొప్పి పడకముందే సగం జవాబు ఇక్కడ దొరికినట్టు అనిపించింది. అయినా అనిపిస్తే చాలదు.

కార్తీక మాసం, మొదటి సగం

ముందు సిస్టం డిస్కును ఉన్నదున్నట్టు ఒక ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేశాను. ఇప్పుడు చేతిలో ఒకే విండోస్ 10, ఒకే ఫైళ్లు, రెండు డిస్కులు. రెండింటినీ విడివిడిగా విండోస్ 11కు మార్చితే నాలుగు పరిస్థితులూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. షాపు ఫైళ్లన్నీ అంతకుముందే బయటి డ్రైవ్‌లోకి వెళ్లాయి.

సిస్టం విండోస్ 11కు తగునో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం పీసీ హెల్త్ చెక్ నడిపితే "ఈ సిస్టం విండోస్ 11కు పనికిరాదు" అంది. బావ మొహం వాడిపోయింది. నిజానికి ఐ3-8100 అంగీకృత జాబితాలోనే ఉంది. ఇంటెల్‌లో 8వ తరం నుంచి, రైజెన్‌లో 2000 వరుస నుంచి, అక్కడక్కడా మినహాయింపులతో ఆ జాబితా నడుస్తుంది. ఇక్కడ అడ్డుపడినవి రెండు. భద్రతా తాళాలు దాచే టీపీఎం 2.0 కావాలి. అది ప్రాసెసర్‌లోనే ఇంటెల్ పీటీటీ పేరుతో ఉంది, సిస్టం ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ సెట్టింగుల్లో ఆఫ్ చేసి ఉందంతే. రెండోది, పాత విండోస్‌ను ఎవరో లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో, ఎంబీఆర్ అనే పాత తీరులో విభజించిన డిస్కు మీద వేశారు. విండోస్ 11కు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కావాలి. దీనికి ఫార్మాట్ చేయనవసరం లేదు. ఎంబీఆర్ డిస్కును కొత్త తీరైన జీపీటీకి మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు విండోస్‌లోనే ఉంది. మొదట వాలిడేట్, తరువాత కన్వర్ట్, ఆపై బయోస్‌లోకి వెళ్లి యూఈఎఫ్ఐకి మార్చడం, పీటీటీ ఆన్ చేయడం. అరగంట పని. ఈ ఒక్క మెసేజీ చూసి మంచి సిస్టంలను తుక్కు ధరకు అమ్మేసినవాళ్లు వరంగల్‌లో నాకు తెలిసే ఉన్నారు.

రెండు డిస్కులకూ విండోస్ 11 వెర్షన్ 25హెచ్2 వేశాను. ఇది సెప్టెంబరు చివర వచ్చింది, లోపలి కోడ్ అంతకుముందు ఏడాది వెర్షన్ 24హెచ్2దే. కాబట్టి ఏడాదిగా నలిగిన సరుకే.

హార్డ్ డిస్కు మీద మొదటి రోజు చూస్తే జిరాక్స్ ఆయన మీద జాలి కలిగింది. పేజ్‌మేకర్ తెరుచుకునేలోపు అక్క వాకిట్లోకి వెళ్లి ఫోను మాట్లాడి వచ్చింది. అయితే ఆ రోజు కొలిచినదాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. అప్‌గ్రేడ్ అయిన వెంటనే లోపల చాలా పనులు నడుస్తుంటాయి. సెర్చ్ కోసం ఫైళ్ల సూచిక మళ్లీ మొదటి నుంచి తయారవుతుంది, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ అన్నీ తడిమి చూస్తుంది, డాట్‌నెట్ భాగాలు కొత్త సిస్టంకు తగ్గట్టు మళ్లీ కంపైల్ అవుతాయి, మిగిలిన డ్రైవర్లు, అప్‌డేట్లు దిగుతాయి. అవన్నీ అదే డిస్కు మీద, సెకనుకు 75 ముక్కల వంతున. కాబట్టి రాత్రంతా ఆన్‌లో ఉంచి, రెండు మూడు సార్లు రీస్టార్ట్ చేసి, టాస్క్ మేనేజర్‌లో డిస్కు గడి చల్లబడ్డాకే కొలవాలి. చాలామంది ఆ మొదటి రోజే తీర్పు రాసేస్తారు.

అన్నీ సర్దుకున్నాక తేలింది ఇది. హార్డ్ డిస్కు మీద విండోస్ 11 విండోస్ 10 కన్నా నెమ్మదే. మొదటి రోజంత ఘోరం కాదు కానీ తేడా స్పష్టంగా తెలుస్తుంది, బూట్ మరింత సాగింది. అప్పటికే నడవలేక నడుస్తున్న డిస్కు మీద ఇంకాస్త బరువు పడింది. ఎస్‌ఎస్‌డీ మీద మాత్రం రెండు విండోస్‌ల బూట్ మధ్య తేడా సెకన్లలోనే తేలిపోయింది. ఒక్కోసారి ఇది, ఒక్కోసారి అది ముందు వచ్చింది. పీడీఎఫ్ సమయంలో తేడాయే లేదు. అది ప్రాసెసర్ పని, ఆ ప్రాసెసర్‌ను ఎవరూ మార్చలేదు మరి.

అంటే విండోస్ మార్చినందువల్ల పోయినదానికంటే డిస్కు మార్చినందువల్ల వచ్చినది ఎన్నో రెట్లు. హార్డ్ డిస్కు, విండోస్ 10 జోడీతో పోల్చితే ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11 జోడీ మెరుపు. ఫ్లెక్సీల ఆయన మెప్పుకు కారణం ఇదే.

నవంబరు చివర

అక్కకు అప్పగించాను. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. 64-బిట్ విండోస్‌లో 32-బిట్ ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు ఇప్పటికీ ఉంది కాబట్టి 11లోనూ అది ఇబ్బంది లేకుండా తెరుచుకుంది. టైపింగ్‌లో అక్షరాలు వేలి వెంటే వచ్చాయి. అయినా మధ్యాహ్నానికల్లా ఆమె తీర్పు వచ్చేసింది: "తమ్ముడూ, సిస్టం బాగానే ఉంది, నేనే స్లో అయ్యాను."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే కొత్త మెనూ కురచగా వస్తుంది. జిప్ విప్పడానికి అక్క వాడే పాత ప్రోగ్రాం ఆప్షన్ కోసం 'షో మోర్ ఆప్షన్స్' అని ఇంకో నొక్కు నొక్కాలి. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి జిప్ ఫైలుకూ ఈ అదనపు నొక్కు తప్పదు. టాస్క్‌బార్‌లో ఒకే ప్రోగ్రాం కిటికీలన్నీ ఒక ఐకాన్ కింద ముద్దగా చేరతాయి. నాలుగు శుభలేఖలు ఒకేసారి తెరిచి పెట్టుకునే మనిషికి ఏది ఎవరిదో తెలియదు. ఈ బాధ ఏ బెంచ్‌మార్క్‌లోనూ కనిపించదు. షాపుకు పోయే నిమిషాలు మాత్రం ఇక్కడే పోతాయి.

టాస్క్‌బార్ సెట్టింగులలో ఐకాన్లు కలపకుండా పేర్లతో చూపించే ఆప్షన్ ఉంది. విండోస్ 11 మొదట వచ్చినప్పుడు అది లేదు, 2023లో తిరిగి చేర్చారు. అది ఆన్ చేశాను. షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుందని చూపించాను. ఆ రెండింటితో అక్క గొణుగుడు చాలావరకు తగ్గింది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మొదటిసారి తెరుచుకునేటప్పుడు మాత్రం ఎస్‌ఎస్‌డీ మీద కూడా పాతదానికన్నా ఒక లిప్తపాటు ఆలస్యం. ఇది మా ఊహ కాదు. నవంబరులో మైక్రోసాఫ్టే తన ప్రయోగ వెర్షన్లలో ఎక్స్‌ప్లోరర్‌ను ముందుగా మెమరీలో తెరిచి సిద్ధంగా ఉంచే పద్ధతిని పరీక్షించడం మొదలుపెట్టింది. కొత్త ముస్తాబుకు కొంత ఖరీదు ఉందని దాని అర్థం.

డిసెంబరు, పంచాయతీ ఎన్నికలు

మూఢం వచ్చి పెళ్లి పత్రికలు ఆగాయి, తీరిగ్గా కొలుచుకోవచ్చనుకుంటే పంచాయతీ ఎన్నికలు వచ్చిపడ్డాయి. సర్పంచి అభ్యర్థులు, వార్డు సభ్యులు, వాళ్ల బావమరుదులు. కరపత్రం మీద ఫొటో కాస్త పెద్దది చేయమనేవాడొకడు, గుర్తు ఇంకా పెద్దది చేయమనేవాడొకడు. నా ప్రయోగాలు ఆగాయి కానీ అసలు పరీక్ష జరిగింది.

కోరల్‌డ్రా, పేజ్‌మేకర్, క్రోమ్‌లో వాట్సాప్ వెబ్, పక్కన ఫొటో ఎడిటర్. అన్నీ కలిసి 4 జీబీలో ఇరుక్కున్నాయి. ఏమీ తెరవకముందే విండోస్ 11 ర్యామ్‌లో సగానికి పైగా ఆక్రమించి కూర్చుంటోంది. చోటు చాలక మిగతాది ఎస్‌ఎస్‌డీ మీదికి తోస్తుంది, కావలసినప్పుడు వెనక్కి తెస్తుంది. ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి మారిన ప్రతిసారీ చిన్న తడబాటు. విండోస్ 10 కూడా ఇదే ఇబ్బంది పెట్టేది, కొంచెం ఆలస్యంగా పెట్టేది.

విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్ చాలని కంపెనీ రాసింది. ఈ 'కనీసం' అన్న మాటకు పెద్ద చరిత్ర ఉంది. 2001లో ఎక్స్‌పీకి 64 ఎంబీ చాలన్నారు. 2007లో విస్టాకు 512 ఎంబీ అన్నారు, ఆ కాగితాన్ని నమ్మి వేయించిన బావ నెల తిరక్కుండా మళ్లీ ఎక్స్‌పీకి వచ్చేశాడు. తరువాత విండోస్ 7 నుంచి 10 దాకా, అంటే 2009 నుంచి 2021 దాకా, 32-బిట్‌కు 1 జీబీ, 64-బిట్‌కు 2 జీబీ అన్న గీత కదలలేదు. అన్నేళ్లు అప్‌గ్రేడ్ అంటే భయపడనవసరం లేని కాలం నడిచింది. 11తో ఆ గీత ఒక్కసారిగా 4కు జరిగింది. ఆ సంఖ్య సిస్టం లేచి నిలబడడానికి సరిపోతుంది, దాని మీద కూర్చుని పని చేసుకోవడానికి కాదు.

ఇంకో 4 జీబీ డీడీఆర్4 ముక్క కొన్నాం. కొనే సమయానికే ర్యామ్ ధరలు చుక్కలనంటుతున్నాయి. ఏఐ సర్వర్ల కోసం మెమరీ అంతా అటు పోతుంటే ఇక్కడ హనుమకొండలో సర్పంచి గారి కరపత్రం ఖరీదు పెరిగింది. ముక్క పెట్టాక తడబాటు పోయింది. రెండు ముక్కలు జోడుగా ఉంటే మెమరీ డ్యూయల్ చానల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో, నడుస్తుంది. ఈ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌ను వాడుకుంటుంది కాబట్టి కోరల్‌లో బొమ్మ జరపడం కూడా కాస్త నునుపైంది.

ఎన్నికలు అయ్యాక

ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ మీద అప్‌గ్రేడ్ కాకుండా మొదటి నుంచి తాజాగా విండోస్ 11 వేసి చూశాను. వేగంలో పెద్ద మార్పు లేదు, ఏళ్లుగా పేరుకున్న చెత్త పోయిందంతే. కానీ ఒక సెట్టింగు వేరుగా కనిపించింది. విండోస్ సెక్యూరిటీలో 'మెమరీ ఇంటిగ్రిటీ' ఆన్‌లో ఉంది. అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఆఫ్‌లోనే ఉండింది.

కొత్త విండోస్ వేగం తగ్గిస్తుందన్న మాటలో అన్నిటికన్నా నిజం ఎక్కువగా ఉన్న చోటు ఇదే. మెమరీ ఇంటిగ్రిటీ ఆన్ అయితే విండోస్ తన కెర్నెల్‌లోకి వచ్చే డ్రైవర్ కోడ్‌ను వర్చువలైజేషన్‌తో విడదీసి ఉంచిన చోటు నుంచి, ఒక గోడ అవతల నుంచి అన్నట్టు, తనిఖీ చేస్తుంది. ఆ తనిఖీకి ప్రాసెసర్ సాయం కావాలి. ఇంటెల్‌లో 7వ తరం నుంచి, ఏఎండీలో జెన్ 2 నుంచి ఆ సాయం హార్డ్‌వేర్‌లోనే ఉంది. అంతకన్నా పాతవాటిలో అదే పనిని సాఫ్ట్‌వేర్ అనుకరించాలి, భారం బాగా పెరుగుతుంది. తాజాగా వేసిన విండోస్ 11లో ఇది దానంతట అదే ఆన్ కావాలంటే తగిన ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ముందు సిస్టం ఇప్పుడు ఆ మూడింటికీ తూగింది, అందుకే ఆన్ అయింది.

ఆన్ చేసీ ఆఫ్ చేసీ చూశాను. కోరల్, పీడీఎఫ్ పనుల్లో నా చేతికి తేడా అందలేదు. వీడియో గేముల్లో ఫ్రేములు లెక్కపెట్టుకునేవాళ్లకు అందుతుంది, వాళ్లు దీన్ని ఆఫ్ చేయడం అందుకే. బావ కూడా ఆఫ్ చేసేద్దామన్నాడు. నేను వద్దన్నాను. ఈ షాపులోకి రోజుకు ఎందరి పెన్‌డ్రైవ్‌లు వస్తాయో ఆయనకే తెలుసు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్ ఇక్కడ పాత చుట్టం. అదే సిస్టంలో జనం ఆధార్ కాపీలు ఉంటాయి. కళ్లకు కనిపించని వేగం కోసం తలుపు తీసి పెట్టడం నాకు ఇష్టం లేదు.

ల్యాప్‌టాప్ కథ వేరు. రైజెన్ 5 3500యూ అంగీకృత జాబితాలో ఉంది, కానీ అది జెన్ 2కు ముందటి తరం. దానిలో ఈ తనిఖీకి హార్డ్‌వేర్ సాయం లేదు. విండోస్ కూడా దాన్ని తనంతట తాను ఆన్ చేయదు. అందుకే అక్కడ అప్‌గ్రేడ్ చేసి ఆ సెట్టింగును కదపలేదు. 8 జీబీ, ఎస్‌ఎస్‌డీ ముందే ఉండడం వల్ల మిగతాదంతా ఇట్టే సర్దుకుంది. రైజెన్ మీద విండోస్ 11 వేయకూడదని బావకు ఎవరో వీడియో పంపారు. తేదీ చూస్తే 2021 అక్టోబరు. ఆ నెల 5న విండోస్ 11 విడుదలైనప్పుడు రైజెన్‌లలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న వేగవంతమైన మెమరీ) ఆలస్యం దాదాపు మూడు రెట్లు అయిన మాట నిజమే. ఏఎండీయే ఒప్పుకుంది. మామూలు ప్రోగ్రాములకు 3 నుంచి 5 శాతం, కొన్ని గేములకు 10 నుంచి 15 శాతం దెబ్బ అని చెప్పింది. అదే నెల 21న వచ్చిన అప్‌డేట్‌తో అది సరిదిద్దారు. రోగం నయమై ఏళ్లయినా ఆ వీడియో మాత్రం ఇంకా ఫోన్లలో తిరుగుతోంది.

జనవరి, మేడారం జాతర ముందు

జాతర 28 నుంచి 31 వరకు. స్వాగత ఫ్లెక్సీల ఆర్డర్లు దండిగా ఉన్నాయి. అమ్మవార్ల గద్దెల ఫొటోలు ఒక్కొక్కటి వందల ఎంబీలు. ముందు సిస్టం వాటిని తెరుస్తోంది, మూస్తోంది. ఈ వారమంతా దాని గురించి ఎవరూ నాకు ఫోను చేయలేదు.

మిగిలింది మూల సిస్టం. నాలుగో తరం ప్రాసెసర్, జాబితాలో లేదు. అడ్డదారిన విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ఉన్నాయి. 24హెచ్2 నుంచి ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ సూచనలు ప్రాసెసర్‌లో తప్పనిసరి, నాలుగో తరంలో అవి ఉన్నాయి కాబట్టి ఎక్కుతుంది కూడా. కానీ అలా వేసిన సిస్టంకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ కంపెనీ ఇవ్వదు, మనం మారుతున్నదే అప్‌డేట్ల కోసం. పైగా విండోస్ 11కు 32-బిట్ వెర్షనే లేదు. 32-బిట్ మీద నుంచి నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు, అంతా తుడిచి వేయాలి. ప్రింటర్‌కు మా దగ్గర ఉన్నది 32-బిట్ డ్రైవర్ ఒక్కటే, ప్రోగ్రాముల్లా అది 64-బిట్ విండోస్‌లో నడవదు.

కాబట్టి దాన్ని మార్చలేదు. నెట్ కేబుల్ పీకేశాం. ముందు సిస్టంలో వైరస్ చూసిన ఫైళ్లనే, షాపు సొంత పెన్‌డ్రైవ్‌లో, దానికి అందిస్తాం. కస్టమర్ల పెన్‌డ్రైవ్ దానికి తగిలించకూడదని అక్క సీపీయూ మీద కాగితం అంటించింది. నెట్‌కు కలిపి ఉంచాలనుకునేవాళ్లకు విండోస్ 10 పొడిగింపు అప్‌డేట్ల పథకం 2026 అక్టోబరు 13 దాకా ఉంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో చేరాలి. మాకు ఆ అవసరం కనిపించలేదు. ఒంటరిగా, ఒకే పని చేస్తున్న ఆ ముసలి సిస్టం ప్రింట్ కొట్టడంలో ఇప్పటికీ షాపులో దేనికీ తీసిపోదు.

జిరాక్స్ ఆయనకు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ తెచ్చుకోమని చెప్పాను. ఆయనది 8వ తరం ప్రాసెసరే, ర్యామ్ కూడా 8 జీబీ ఉంది. జాతర అయ్యాక డిస్కు క్లోన్ చేసి పెడతాను. విండోస్‌ను మాత్రం కదపను. పాత విండోస్‌కు తిరిగి వెళ్లే వీలు అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల దాకానే ఉంటుంది, ఆయన ఆ గడువు ఎప్పుడో దాటేశాడు. ఎస్‌ఎస్‌డీ పెట్టాక దాని అవసరం ఆయనకు వస్తుందనుకోను.